పాత బస్సును ఇల్లుగా మారుస్తున్నాం: లైట్లు, వైరింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఒక పాత బస్సు కొని, సీట్లన్నీ తీసేసి, లోపల ఉండటానికి వీలుగా మా చేతులతో మేమే మార్చుకుంటున్నాం. కింద ప్లైవుడ్ పరచడం అయిపోయింది, పక్క రేకులు విప్పి ఉన్నాయి, సీలింగ్ ఇంకా మూయలేదు. వైరింగ్ ఇప్పుడే లాగకపోతే తర్వాత బిగించినవన్నీ మళ్లీ ఊడదీయాల్సి వస్తుందని తెలుసు, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తేలక పని ఆగిపోయింది.

బస్సుది 24 వోల్టుల సిస్టమ్. రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉన్నాయి. లోపలి పొడవు దాదాపు 10 మీటర్లు. లైట్ల విషయానికొస్తే, సీలింగ్‌లో 3 వాట్ల గుండ్రటి ఎల్‌ఈడీలు 12, రెండు పక్కలా పై అరల కింద 5 మీటర్ల ఎల్‌ఈడీ స్ట్రిప్ ఒక్కొక్కటి (ప్యాకెట్ మీద మీటరుకు 14.4 వాట్లు అని ఉంది), మంచం దగ్గర చదువుకోవడానికి రెండు లైట్లు. అన్నీ 12 వోల్టులవే. అందుకని ఆ రెండు బ్యాటరీల్లో ఒకదాని మీద నుంచే 12 వోల్టులు తీసుకుందామనుకుంటున్నా. ఇంటి వైరింగ్‌లో మిగిలిన 1.5 స్క్వేర్ ఎంఎం వైరు ఒక చుట్ట ఉంది, లోపల ఒకటే గట్టి తీగ ఉండే రకం. నెగటివ్‌కు బస్సు బాడీనే వాడితే సగం వైరు మిగులుతుంది కదా అని కూడా ఆలోచన.

ఇది సరిపోతుందా? ఫ్యూజులు ఎన్ని, ఎక్కడ పెట్టాలి? ఇలాంటి పని చేసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.


జవాబు 1

సీలింగ్ మూయకముందే అడిగారు, చాలా మంచిది. మీ ప్లాన్‌లో లైట్ల ఎంపిక బాగానే ఉంది, కరెంటు తీసుకునే చోటు మాత్రం మార్చాలి.

సిరీస్‌లో ఉన్న రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచే లోడ్ తీసుకోవద్దండి. లైట్లు వాడినంతసేపూ ఆ ఒక్క బ్యాటరీయే ఖాళీ అవుతుంది. మళ్లీ ఇంజిన్ ఆన్ చేసినప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీలను ఛార్జ్ చేసేది) రెండింటి మొత్తం వోల్టేజీనే చూస్తుంది, సుమారు 28 వోల్టులు వచ్చాయా లేదా అన్నదే దానికి కావాలి, అందులో ఏ బ్యాటరీ వాటా ఎంతో దానికి తెలీదు. దాంతో ఖాళీ అయిన బ్యాటరీ 13 దగ్గర ఆగిపోతుంది, నిండుగా ఉన్న రెండోది 15 దాకా ఎక్కి ఉడికిపోతుంది. ఒకటి ఎప్పుడూ సగమే నిండుతుంది, ఇంకొకటి ఓవర్‌ఛార్జ్ అయి నీళ్లు ఆవిరై పోతుంటాయి, చివరికి రెండూ పాడవుతాయి. దానికి తోడు రాత్రంతా లైట్లు వేసుకుంటే పొద్దున సెల్ఫ్ తిరగదు. అందుకని బస్సు బ్యాటరీలను ఇంజిన్‌కే వదిలేయండి, లోపల వాడకానికి వేరే బ్యాటరీ పెట్టుకోండి.

ఆ వేరే బ్యాటరీ 12 వోల్టులా 24 వోల్టులా అన్నది ముందు తేల్చుకోండి. మిగతా లెక్కలన్నీ దాని మీదే ఆధారపడతాయి. కారులోనో చిన్న వ్యానులోనో ఈ ప్రశ్న పెద్దగా రాదు. బస్సు పొడవు వల్లే వస్తుంది. ఒక 60 వాట్ల లైట్ల సర్క్యూట్ బ్యాటరీకి 10 మీటర్ల దూరంలో ఉందనుకోండి. పోవడం, రావడం కలిపి 20 మీటర్ల వైరు. 12 వోల్టుల్లో అది 5 ఆంపియర్లు లాగుతుంది, 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో దాదాపు 1.2 వోల్టులు దారిలోనే పోతాయి, అంటే పదో వంతు. 2.5 స్క్వేర్ ఎంఎం వేస్తే 0.7, 4 వేస్తే 0.45 లోపు. అదే 60 వాట్లు 24 వోల్టుల్లో అయితే 2.5 ఆంపియర్లే, ఆ 1.5 వైరులోనే 0.6 వోల్టు పోతుంది, 24లో అది రెండున్నర శాతం కూడా లేదు. నా ఓటు 24కే. బ్యాటరీ బ్యాంకు 24 వోల్టులు పెట్టి, లైట్లకు దగ్గరగా, బస్సు మధ్యలో ఎక్కడో ఒక 24 నుంచి 12కు దించే డీసీ కన్వర్టర్ పెట్టండి. మీరు కొన్న 12 వోల్టుల లైట్లన్నీ అలాగే పనికొస్తాయి.

దీనివల్ల ఇంకో పెద్ద లాభం ఉంది, స్ట్రిప్‌ల ఆయుష్షు. 12 వోల్టుల సిస్టమ్ అని పేరే గానీ ఛార్జింగ్ అవుతున్నప్పుడు అక్కడ 14.4 దాకా ఉంటుంది. మామూలు స్ట్రిప్‌లో మూడేసి ఎల్‌ఈడీలు, వాటికొక చిన్న రెసిస్టర్ సిరీస్‌లో ఉంటాయి. ఎల్‌ఈడీలు తొమ్మిదిన్నర వోల్టుల దాకా తీసుకుంటే మిగిలిన రెండున్నర రెసిస్టర్ మీద పడుతుంది. సరఫరా 14.4 అయితే ఆ అదనం అంతా దాదాపు రెసిస్టర్ మీదే పడి కరెంటు రెట్టింపు దగ్గరకు పోతుంది. మొదట్లో వెలుతురు భలే ఉందనిపిస్తుంది, కొన్నాళ్లకు ముక్కలు ముక్కలుగా ఆరిపోవడం మొదలవుతుంది. కన్వర్టర్ ఇచ్చే 12 వోల్టులు ఎప్పుడూ 12గానే ఉంటాయి కాబట్టి ఈ గొడవ ఉండదు. గుండ్రటి లైట్ల మీద 10 నుంచి 30 వోల్టులు అని రాసి ఉంటే వాటిలో డ్రైవర్ లోపలే ఉన్నట్టు, వాటిని నేరుగా 24 మీదే పెట్టేయొచ్చు. ప్యాకెట్ చూసుకోండి.

స్ట్రిప్ వాట్లు కూడా తగ్గించమంటాను. 14.4 లెక్కన రెండు స్ట్రిప్‌లూ కలిపి 144 వాట్లు, మీ 12 గుండ్రటి లైట్లన్నీ కలిపితే 36. బ్యాటరీని తినేసేది స్ట్రిప్‌లే. అరల కింద పరోక్షంగా వచ్చే వెలుతురుకు మీటరుకు 4.8 వాట్ల రకం చాలు, రెండూ కలిపి 48కి దిగుతుంది. చదువుకునే లైట్లతో కలిపి అన్నీ ఒకేసారి వేసినా 100 వాట్ల లోపే, 12 వైపు 8 ఆంపియర్లు. 15 లేదా 20 ఆంపియర్ల కన్వర్టర్ తీసుకుంటే వేడెక్కకుండా నడుస్తుంది. లోడ్ లేకపోయినా కన్వర్టర్ కొద్దిగా తింటూనే ఉంటుంది, దాని ఇన్‌పుట్ వైపు ఒక స్విచ్ పెట్టడం మర్చిపోవద్దు.

ఫ్యూజు సంగతి. ఫ్యూజు లైటును కాపాడటానికి అనుకుంటారు చాలామంది, అది వైరును కాపాడటానికి. అందుకే అది లైటు దగ్గర కాదు, బ్యాటరీ దగ్గర ఉండాలి. బోట్ల వైరింగ్‌కు అమెరికాలో పాటించే ఏబీవైసీ ప్రమాణంలో బ్యాటరీ నుంచి 7 అంగుళాల్లోపు ఫ్యూజు ఉండాలంటారు (తొడుగులో వేసిన వైరుకు కొంత సడలింపు ఉంది), బస్సుకూ అది మంచి పద్ధతే. ఫ్యూజుకు ముందున్న వైరు ముక్క ఎక్కడైనా రేకుకు తగిలితే దాన్ని ఆపేది ఏదీ ఉండదు. బ్యాటరీ లిథియం అయితే మెయిన్ ఫ్యూజు రకం కూడా చూడాలి, షార్ట్ అయినప్పుడు అది వేల ఆంపియర్లు వదులుతుంది, మామూలు ఫ్యూజు తెగినా లోపల ఆర్క్ (తెగిన చోట ఖాళీని దాటి సాగే నిప్పురవ్వ) ఆగకపోవచ్చు. క్లాస్ టీ ఫ్యూజు 20,000 ఆంపియర్ల దాకా తెంపగలదు, లిథియానికి అదే నయం. అక్కడి నుంచి ఒక ఫ్యూజు బాక్సుకు తెచ్చి, సీలింగ్ లైట్లు ముందు సగం, వెనక సగం, స్ట్రిప్‌లు, చదివే లైట్లు అని విడివిడిగా 5 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజులు వేసుకోండి. ఒకటి పోయినా బస్సంతా చీకటి కాదు.


జవాబు 2

బస్ బాడీ పనిలో ఉన్నాను బ్రదర్. పైన ఆయన కరెంటు లెక్క చెప్పారు, నేను వైరు ఎలా లాగాలో చెబుతా.

ఆ ఇంటి వైరు చుట్ట పక్కన పెట్టేయండి. ఒకటే గట్టి తీగ ఉన్న వైరు కదలని గోడకు పనికొస్తుంది. బస్సు నడుస్తున్నంతసేపూ వణుకుతూనే ఉంటుంది, ఆ తీగ స్క్రూ దగ్గరో వంపు దగ్గరో అలసిపోయి లోపలే తెగుతుంది, పైకి ఇన్సులేషన్ బాగానే కనపడుతుంది కాబట్టి ఎక్కడ తెగిందో వెతకలేక చస్తారు. సన్నని పోగులు ఎక్కువగా ఉండే వాహనాల వైరే కొనండి, అసలు రాగిదే కొనండి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైరు చాలా అమ్ముతారు, చూడటానికి ఒకేలా ఉంటుంది, కరెంటు మోసే శక్తి రాగిలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. కొంచెం ఇన్సులేషన్ ఒలిచి పోగులను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనపడుతుంది.

జాయింట్లు మెలిపెట్టి టేపు చుట్టడం అస్సలు వద్దు. ఎండకు టేపు జిగురు కరిగి ఊడొస్తుంది. లగ్గు (వైరు కొసకు తొడిగే లోహపు ముక్క) పెట్టి మంచి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి, మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. సోల్డరింగ్ గట్టిగా ఉంటుందని కొందరు చెబుతారు గానీ, కరిగిన సీసం పోగుల్లోకి పాకి కొంత దూరం గట్టిపడుతుంది, ఆ గట్టి భాగం అయిపోయే చోటే వణుకుకు విరుగుతుంది. క్రింప్ చేశాక వైరు పట్టుకుని గట్టిగా లాగి చూడండి, ఊడితే ఇప్పుడే ఊడాలి.

రేకు సంగతి ఇంకా ముఖ్యం. సీలింగ్ అడ్డపట్టీల్లో రంధ్రం వేసి వైరు దూర్చేస్తారు, ఆ రంధ్రం అంచు కత్తిలా ఉంటుంది. ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ (అంచుకు తొడిగే రింగు) పెట్టాల్సిందే, వైరు ముడతల ఫ్లెక్సిబుల్ పైపులో పోవాలి, ప్రతి అర మీటరుకు ఒక క్లిప్పు ఉండాలి. బస్సుల్లో నిప్పు పుట్టే చోట్లలో ఇదొకటి, ఏళ్ల తరబడి రాసుకుని రాసుకుని ఇన్సులేషన్ పోయి బాడీకి తగులుతుంది. పైపులో ఒక దారం కూడా వేసి వదిలేయండి, రేపు ఇంకో వైరు కావాలంటే దానికి కట్టి లాగేయొచ్చు.

సీలింగ్‌లో థర్మాకోల్ పెడుతున్నారా? అయితే పీవీసీ వైరు దానికి నేరుగా ఆనకూడదు. పీవీసీని మెత్తగా ఉంచే పదార్థాన్ని థర్మాకోల్ లాగేసుకుంటుంది, కొన్నేళ్లకు వైరు తొడుగు పెళుసై పగులుతుంది. పైపులో వేస్తే ఆ బాధ లేదు. ఫోమ్ స్ప్రే చేసేటట్టయినా అంతే, వైరు దాంట్లో పూడిపోతే వేడి బయటికి పోదు, మళ్లీ మార్చడం కూడా కుదరదు.

నెగటివ్‌కు బాడీ వాడటం గురించి. బస్సు ఫ్యాక్టరీ లైట్లకు అలాగే ఉంటుంది, నిజమే. కానీ పాత బస్సులో రివెట్ల దగ్గర తుప్పు ఉంటుంది, ఇవాళ బాగా వెలిగిన లైటు వానాకాలం రాగానే మిణుకుమంటుంది. ప్రతి లైటుకూ రెండు వైర్లు లాగండి. నెగటివ్‌లన్నీ ఒక బస్‌బార్ (చాలా వైర్లు ఒకేచోట బిగించే లోహపు పట్టీ) మీదికి తెచ్చి, అక్కడి నుంచి ఒక్కచోటే, రంగు గీకి మెరిసేలా చేసిన ఛాసిస్ మీద ఎర్త్ ఇవ్వండి.

ఇంకొక్కటి. లోపల ఎక్కడైనా వెల్డింగ్ మిగిలుంటే బ్యాటరీ టెర్మినల్స్ రెండూ విప్పేశాకే చేయండి, లేదంటే ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు, ఉంటే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) కూడా పోతాయి.


జవాబు 3

పై ఇద్దరితోనూ చాలావరకు ఒప్పుకుంటాను, 24 మాటొక్కటే నాకు అంత తప్పనిసరి అనిపించదు. నీళ్ల పంపు, ఫ్యాను, ఫ్రిజ్, ఫోన్ ఛార్జింగ్ సాకెట్లు, అన్నీ 12 వోల్టుల్లోనే తేలిగ్గా దొరుకుతాయి. అన్నీ కన్వర్టర్ మీదే వేలాడితే అది పోయిన రోజు లైట్లు, నీళ్లు రెండూ ఉండవు. బ్యాటరీని ఒక కొసన కాకుండా బస్సు మధ్యలో పెట్టుకుంటే ఏ లైటుకైనా దూరం 5, 6 మీటర్లకు తగ్గుతుంది, 2.5 వైరుతో 12 వోల్టులే హాయిగా నడుస్తుంది. ఆల్టర్నేటర్ నుంచి ఛార్జ్ చేయడానికి 24 నుంచి 12కు దించే డీసీ ఛార్జర్ ఒకటి కావాలి, అంతే తేడా. స్ట్రిప్‌లకు మాత్రం వోల్టేజీ నిలకడగా ఉంచే చిన్న రెగ్యులేటర్ వేయండి, ఆయన చెప్పిన 14.4 సమస్య నిజమే. బరువైన ఇన్వర్టర్, పెద్ద ఏసీ లాంటివి పెట్టే ఆలోచన ఉంటే అప్పుడు 24 వైపే వెళ్లండి.

ఎవరూ లైట్లు ఎక్కడ పెట్టాలన్నది మాట్లాడలేదు. అసలు రోజూ కళ్లకు తగిలేది అదే కదా. 12 లైట్లు సీలింగ్ మధ్యలో వరసగా పెడితే ఆఫీసు వరండాలా ఉంటుంది, పైగా మంచం మీద పడుకుంటే నేరుగా కళ్లల్లోకి కొడతాయి. మంచం పైన ఒక్కటి కూడా పెట్టకండి. వంట దగ్గర మాత్రం నెత్తిమీద లైటు ఉంటే మీ నీడ మీరు కోసే చోటే పడుతుంది, అందుకే అర కింద ముందు అంచుకు స్ట్రిప్ ఉండాలి. ఆ చోటుకు 4000 కెల్విన్ దగ్గర తెలుపు, సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనపడతాయో చెప్పే అంకె) 90 పైన ఉన్నది తీసుకోండి, కూరగాయల రంగు సరిగ్గా కనపడుతుంది. కూర్చునే చోట, పడుకునే చోట 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య, పసుపు ఛాయ ఉన్నది. స్ట్రిప్‌ను అల్యూమినియం ఛానల్‌లో పెట్టి పైన పాల రంగు మూత వేస్తే చుక్కలు చుక్కలుగా కనపడదు, వేడి కూడా ఛానల్ లాగేసుకుంటుంది. చెక్కకు నేరుగా అంటిస్తే కొన్నాళ్లకే ఊడి వేలాడుతుంది. 5 మీటర్ల స్ట్రిప్‌కు రెండు కొసల నుంచీ కరెంటు ఇవ్వండి, లేకపోతే చివరి మీటరు మసకగా ఉంటుంది.

నడిచే దారిలో నేలకు దగ్గరగా ఒక చిన్న ఎర్ర లైటు పెట్టండి. రాత్రి లేచినప్పుడు పక్కవాళ్లకు నిద్ర చెడదు, చీకటికి అలవాటైన చూపు పోదు. డ్రైవర్ సీటు వెనక లైట్లను వేరే స్విచ్ మీద ఉంచండి, రాత్రి నడిపేటప్పుడు లోపలి వెలుతురు ముందు అద్దంలో ప్రతిఫలిస్తే రోడ్డు కనపడదు.


ప్రశ్న అడిగినవారు

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. తర్వాత ఇన్వర్టర్ పెట్టి మిక్సీ, ఇంకా కొన్ని నడపాలని ఉంది కాబట్టి 24 బ్యాంకుకే వెళ్తున్నాను, బ్యాటరీ మాత్రం మధ్యలో పెట్టే వీలుంది, అలాగే పెడతాను. స్ట్రిప్‌లు 4.8కి మార్చేస్తా.

ఇంకో మూడు సందేహాలు. సీలింగ్‌లో బస్సు పాత ట్యూబ్‌లైట్ల వైర్లు ఉన్నాయి, వాటినే వాడుకోవచ్చా, కత్తిరించి పడేయాలా? సీలింగ్ లైట్లు తలుపు దగ్గరా మంచం దగ్గరా రెండు చోట్ల నుంచీ ఆపాలి, వెలుతురు తగ్గించుకునే డిమ్మర్ కూడా కావాలి, రెండూ కలిసి కుదురుతాయా? ఇంట్లో వాడే స్విచ్‌లు వేయొచ్చా?


జవాబు 2

పాత వైర్లు వాడొద్దు, అలాగని గుడ్డిగా కత్తిరించొద్దు. ఒకే కట్టలో ట్యూబ్‌లైటు వైరుతో పాటు వెనక బ్రేక్ లైటు, ఇండికేటర్, రివర్స్ లైటు వైర్లు కూడా పోతుంటాయి. ఎమర్జెన్సీ డోర్‌కు స్విచ్ ఉండి, తలుపు తెరిచి ఉంటే బజర్ మోగే బస్సులుంటాయి, కొన్నింటిలో ఆ సర్క్యూట్ తెగితే ఇంజిన్ స్టార్టే కాదు. ఒక్కో వైరు మల్టీమీటర్‌తో ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో పట్టుకుని, రెండు కొసలకూ చీటీ అంటించి, ట్యూబ్‌లైట్లవని తేలినవి మాత్రం ఫ్యూజు దగ్గరే విప్పేసి కొసలకు స్లీవ్ వేసి కట్టేయండి. సీలింగ్ మూసే ముందు ప్రతి పట్టీ మధ్యా ఫోటో తీసుకోండి, పక్కన టేపు పట్టి తీయండి. రేపు అర బిగించడానికి స్క్రూ కొట్టేటప్పుడు వైరు ఎక్కడుందో ఆ ఫోటోయే చెబుతుంది.


జవాబు 1

స్విచ్‌ల సంగతి: ఇంటి స్విచ్ ఏసీకి చేసింది. ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్ తెరిచినప్పుడు పుట్టే నిప్పురవ్వ దానంతట అదే ఆరిపోతుంది, డీసీలో అలా సున్నాకు రాదు. ఒక ఆంపియరు ఎల్‌ఈడీ లైట్లకు ఏమీ కాదు గానీ, రేపు అదే స్విచ్ మీద 24 వోల్టుల పంపు పెడితే కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి. డీసీ రేటింగ్ రాసి ఉన్న రాకర్ స్విచ్‌లే కొనండి.

రెండు చోట్ల నుంచి ఆపడం సులువే, ఇంట్లో మెట్ల దగ్గర వేసే టూవే పద్ధతే, రెండు స్విచ్‌ల మధ్య రెండు వైర్లు అదనంగా పోతాయి, సీలింగ్ తెరిచి ఉండగానే లాగేయండి. డిమ్మర్ దగ్గర ఒక మెలిక ఉంది. మామూలుగా దొరికే పీడబ్ల్యూఎం డిమ్మర్లలో ఎక్కువ భాగం పాజిటివ్‌ను అలాగే వదిలి నెగటివ్‌ను ఆపుతూ వదులుతూ వెలుతురు తగ్గిస్తాయి. అంటే డిమ్మర్ తర్వాత వచ్చే నెగటివ్ వేరు, మీ బస్‌బార్ నెగటివ్ వేరు. లైటు ఇనప బాడీ లోపల నెగటివ్‌కు కలిసి ఉండి, దాన్ని బస్సు రేకుకు స్క్రూతో బిగిస్తే డిమ్మర్ ఎంత తిప్పినా లైటు పూర్తిగానే వెలుగుతుంది. నెగటివ్‌కు విడి వైరు లాగమనడానికి ఇది కూడా ఒక కారణం. బిగించే ముందు ప్రతి లైటు బాడీకీ నెగటివ్‌కూ మధ్య మల్టీమీటర్ బీప్ పెట్టి చూడండి, మోగితే కింద ప్లాస్టిక్ వాషర్ వేయాలి. టూవే స్విచ్‌లు డిమ్మర్‌కు ముందు, పాజిటివ్‌లో పెట్టండి, అప్పుడు రెండూ కలిసి పనిచేస్తాయి. లోపల డ్రైవర్ ఉన్న లైట్లలో కొన్ని డిమ్మర్‌తో మినుకుమంటాయి, 12 కొని ఉన్నారు కాబట్టి ముందు ఒక్కదాన్ని బల్ల మీద పెట్టి డిమ్మర్‌తో చూసుకోండి.

ఇన్వర్టర్ అన్నారు కాబట్టి ఒక్క మాట. దాని నుంచి వచ్చే 230 వోల్టుల వైర్లు ఈ డీసీ వైర్లున్న పైపులో వేయకండి, వేరే పైపు, వేరే బాక్సు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి, ఇన్వర్టర్ బాడీ ఛాసిస్‌కు కలవాలి. బస్సంతా ఇనుమే, ఇన్సులేషన్ ఒక్కచోట పోయినా మెట్టు మీద కాలు పెట్టినవాళ్లకు షాక్ తగులుతుంది. లైట్ల పని మీరే చేసుకోండి, ఆ 230 భాగం మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, న్యూట్రల్‌ను ఎర్త్‌కు ఎక్కడ కలపాలన్నది ఇన్వర్టర్‌ను బట్టి మారుతుంది.

అంతా కలిపాక ఫ్యూజులు పెట్టకముందు పాజిటివ్‌కూ బాడీకీ మధ్య షార్ట్ లేదని చూడండి. తర్వాత ఒక్కో ఫ్యూజు పెట్టుకుంటూ పోండి. అన్ని లైట్లూ పూర్తిగా వేసి, కన్వర్టర్ దగ్గర వోల్టేజీ, అన్నిటికంటే దూరంగా ఉన్న లైటు దగ్గర వోల్టేజీ రెండూ కొలవండి, తేడా అర వోల్టు దాటితే మధ్యలో ఏదో క్రింప్ సరిగ్గా పడలేదు. రెండు మూడు గంటలు అలాగే వెలగనిచ్చి, లగ్గులు, ఫ్యూజు బాక్సు చేత్తో తాకి చూడండి. వెచ్చగా తగిలినది విప్పి మళ్లీ క్రింప్ చేయండి. బస్సును గతుకుల రోడ్డు మీద కొంత దూరం తిప్పి వచ్చి ఇదే ఇంకోసారి చేశాక సీలింగ్ మూయండి.